మేడమ్‌కి ఒక పేరుండేది

మొన్న ఆఫీసు మీటింగులో, కొత్తగా చేరిన విజయవాడ అమ్మాయి నన్ను "మేడమ్" అంది. తెర మీది జర్మన్ ముఖాలన్నీ ఎవరీ మేడమ్ అన్నట్టు వెతుక్కున్నాయి. కార్ల్స్‌రూహెలో మా కంపెనీలో కాఫీ యంత్రం బాగుచేసే ఆయన దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరినీ పేరు పెట్టే పిలుస్తారు. మీటింగు అయ్యాక ఆ అమ్మాయికి విడిగా మెసేజ్ పెట్టాను, నాకో పేరుంది, దాంతో పిలువు అని. "సారీ మేడమ్, అలాగే మేడమ్" అని జవాబొచ్చింది.

నాకు కోపం తొందరగా వస్తుంది. కానీ ఆ రోజు వచ్చింది కోపం కాదు. లాప్‌టాప్ మూసేసి, కోటు వేసుకుని, పనేమీ లేకపోయినా ట్రామెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళొచ్చాను. నాకు తెలిసి మేడమ్ అంటే ఒక్కరే. ఆవిడ కరోనా వచ్చిన మొదటి చలికాలంలో, హార్జ్ కొండల కింద ఒక ఆసుపత్రిలో పోయారు. ఆ పిలుపు మళ్ళీ నా చెవిన పడుతుందని, అదీ నన్ను ఉద్దేశించే పడుతుందని అనుకోలేదు.

ఆవిడను మొదటిసారి చూసింది క్లాస్తాల్‌లో, సూపర్ మార్కెట్లో పప్పుల అర ముందు. జగిత్యాల నుంచి నేనొచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. క్లాస్తాల్ అంటే కొండ మీద ఒక యూనివర్సిటీ, దాని చుట్టూ చెక్క ఇళ్ళు, మిగతాదంతా మంచు. చదువుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని ఊరని వచ్చిన మొదటి రోజే తీర్మానించేసుకున్నాను. పప్పు ప్యాకెట్టు తిప్పి ధర చూసి "ఓయమ్మో, గింత పిరమా" అనుకున్నాను. లోపల అనుకున్నాననే అనుకున్నాను, పైకే అన్నట్టున్నాను.

"పిరమే. పైగా అది కందిపప్పు కాదు, మోసపోకు," అని వెనక నుంచి తెలుగు వినిపించింది.

తిరిగి చూస్తే అరవై దాటిన ఒకావిడ. నేత చీర, చీర కింద మోకాళ్ళ దాకా మంచు బూట్లు, పైన ఎవరో పొడుగాటి మగమనిషిది నల్ల ఓవర్‌కోటు. ఆ కోటు చేతులు రెండు మడతలు పెట్టినా ఇంకా వేళ్ళ దాకా వస్తున్నాయి. ప్యాకెట్టు తిరిగి అరలో పెట్టేశాను. "థాంక్యూ మేడమ్" అన్నాను.

"పరిచయమైనా కాలేదు, అప్పుడే బిరుదిచ్చేశావే," అన్నారు.

నా పేరడిగారు. చెప్పాను. ఇంటిపేరుతో సహా చెప్పమన్నారు. చెప్పాను. ఆ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, ఇంట్లో అలాగే పిలుస్తారా, కురచ చేసి పిలుస్తారా అని పప్పుల అర ముందే నిలబెట్టి ఆరా తీశారు. మా నాయనమ్మ పెట్టిన పేరని, ఇంట్లో చిన్నీ అంటారని చెప్పుకున్నాను. పరాయి దేశంలో నన్ను నా గురించి అడిగిన మొదటి మనిషి ఆవిడ. అప్పటిదాకా అందరూ నా పాస్‌పోర్టు నంబరే అడిగారు.

కాకినాడలో ఒకప్పుడు ఆవిడ ఇంగ్లీషు లెక్చరరట. జర్మన్ గనుల ఇంజినీరును పెళ్ళి చేసుకుని ఈ కొండెక్కారట. ఆయన మేమెవరం రాకముందే పోయారు. ఆయన గురించి ఆవిడ నోట నేను విన్నవి రెండే మాటలు. ఒకటి, ఉప్పు తక్కువ తినేవారని. రెండు, తనను జీవితమంతా "షాట్స్" అని పిలిచారని. షాట్స్ అంటే నిధి. ఇక్కడ ప్రతి మొగుడూ పెళ్ళాన్ని అలాగే పిలుస్తాడు. "ఆ లెక్కన ఈ దేశంలో వీధికి పది నిధులున్నాయర్రా," అనేవారు.

ఆదివారాలు ఆవిడ వంటింట్లో గడిచేవి. నేనూ, సలీమూ తప్పనిసరి. సలీం హైదరాబాద్ టోలీచౌకీ వాడు, నా క్లాసే. ఏ అల్లరి చేసినా ముఖం మాత్రం అమాయకంగా పెట్టగలడు. మిగతావాళ్ళు వస్తూ పోతూ ఉండేవాళ్ళు. ఆవిడ పోపు పెట్టే పద్ధతి చూడాల్సిందే. కింది అంతస్తు ముసలావిడ వాసనకు ఫిర్యాదు చేస్తుందని, ఆవాలు చిటపటలాడబోయే ముందు కిటికీ బార్లా తెరిచేవారు. బయట మంచు కురుస్తుంటే, కోటూ ఉన్ని టోపీ పెట్టుకుని, అట్లకాడతో యుద్ధానికి బయలుదేరినట్టు నిలబడి పోపు వేసేవారు. మేము వణుకుతూ బల్ల చుట్టూ కూర్చుని ఇంగువ వాసన పీల్చుకునేవాళ్ళం. కిటికీ మూశాకే మాటలు మొదలయ్యేవి.

ఆవిడకు మాటల పిచ్చి. మనుషులకు జాతకాలు చూసేవాళ్ళుంటారు, ఆవిడ మాటలకు చూసేవారు. ఏ మాట ఎక్కడ పుట్టింది, ఎవరింట్లో పెరిగింది, ఎక్కడికొచ్చి చెడిపోయింది అని. ఎవరైనా తప్పు పలికితే ఉంగరం వేలితో బల్ల మీద టక్కున కొట్టేవారు. తిట్టేవారు కాదు. ఆ టక్కు చాలు, గాలి తీసేసినట్టయ్యేది.

ఒక ఆదివారం సలీం నోట వరసగా "అవును మేడమ్, కాదు మేడమ్, ఇంకొంచెం పెట్టండి మేడమ్" అని వస్తుంటే ఆవిడ గరిటె దించేశారు.

"ఒరే సలీమూ, నన్నేమని పిలుస్తున్నావో నీకు తెలుసా?"

"మేడమ్ అని మేడమ్."

"అదేవిటో చెప్తాను, ముందు నవల్డం ఆపు. అది ఇంగ్లీషు మాట కాదురా, ఫ్రెంచి మాట. మా దామ్. రెండు ముక్కలు. 'నా దొరసానీ' అని. ఫ్రెంచి దొరలు ఇంగ్లండు గెల్చుకుని కోటల్లో కూర్చున్నాక అక్కడివాళ్ళ నోటికి అలవాటైంది. దొరగారి భార్యకి తప్ప ఇంకెవరికీ చెల్లేది కాదు. తర్వాత మెల్లిగా బజార్లోకి దిగింది. డబ్బున్న వర్తకుల పెళ్ళాలు మమ్మల్నీ అలాగే పిలవండని ముచ్చటపడ్డారు. పిలిచారు. ఆ తర్వాత దుకాణం గుమ్మం తొక్కిన ఆడదల్లా మేడమే."

"మంచిగనే ఉన్నది కద మేడమ్," అన్నాడు సలీం.

"ఆగు, చెడిపోవడం ఇంకా చెప్పలా. వేశ్యల ఇల్లు నడిపే పెద్దావిడకీ అదే పేరొచ్చింది. మూడేళ్ళ పిల్ల ఇంట్లో పెత్తనం చేస్తే 'చూడు, బుల్లి మేడమ్' అని ఎకసెక్కెం. అటు రాణీగారికీ అదే, కాస్త కురచ చేసి, మామ్ అని. మనదేశం వచ్చి పక్కన సాహెబుని తగిలించుకుని మెమ్‌సాహెబయింది. దొరలు ఓడెక్కి పోయేరు, మాట మాత్రం దిగబడిపోయింది. బళ్ళో పంతులమ్మకి, స్టేషన్లో ఎస్సైకి, ఆఫీసరుకి, ఆఫీసరు పెళ్ళానికి. ఇక్కడ జర్మన్లయితే, ఎవరైనా ఆడది టెక్కు చూపిస్తే మదామ్ వేంచేసిందంటారు. రాణికీ, వేశ్యలింటి పెద్దావిడకీ, మీ ఊరి ఎస్సైకీ ఒకటే పిలుపు. ఇంత సమానత్వం ఏ రాజ్యాంగం ఇచ్చిందర్రా?"

మేము పొట్ట పట్టుకుని నవ్వాము. సలీం అమాయకపు ముఖం పెట్టి, "అంటే వీళ్ళల్ల మేం మిమ్మల్ని ఏమని పిలుస్తున్నట్టు మేడమ్?" అన్నాడు.

"అదే నేనూ ఆలోచిస్తున్నా," అన్నారు ఆవిడ.

అందరం మళ్ళీ నవ్వాము. ఆ నవ్వు సర్దుకున్నాక, మజ్జిగ గ్లాసులు కడుగుతూ, మాకు వీపు పెట్టి ఆవిడ ఇంకో మాటన్నారు. "మొదట్లో దాన్లో 'నా' అని ఉండేది. పిలిచేవాడు నా మనిషీ అని పిలిచేవాడు. ఇంగ్లీషులోకొచ్చేసరికి ఆ 'నా' ఉన్న సంగతే ఎవరికీ తెలీదు. చెరిగిపోయింది." నేను గ్లాసులు తుడుస్తున్నాను. అది మాటల గురించి చెబుతున్నారనే అనుకున్నాను.

ఆవిడకు మా అందరి పేర్లూ పుట్టుపూర్వోత్తరాలతో సహా తెలుసు. సలీం పేరు వాళ్ళ మామూ పెట్టాడని, మా క్లాసులోని ఇంకో అబ్బాయికి జ్వరం తగ్గాలని మొక్కుకుని పేరు మార్చారని, నన్ను చిన్నీ అని మొదట పిలిచింది మా నాయనమ్మేనని. గుంపులో కూడా ఒక్కొక్కరిని నిండు పేరుతో పిలిచేవారు, హాజరు వేస్తున్నట్టు కాదు, ఇష్టంగా, సాగదీసి. మేమెవరం తిరిగి అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. మా దగ్గర పెద్దవాళ్ళకు వరసలుంటాయి, పేర్లుండవు. మా అమ్మ పేరు నేను బళ్ళో చేరేటప్పుడు తెలుసుకున్నాను. అలాంటిది మేడమ్ పేరేమిటని మేడమ్‌నే అడగడమా? మా అందరి ఫోన్లలోనూ ఆవిడ లాండ్‌లైన్ నంబరు "క్లాస్తాల్ మేడమ్" అనే ఉండేది. ఆవిడకు సెల్‌ఫోను లేదు. మా నంబర్లన్నీ నోటికొచ్చు.

కింద గుమ్మం దగ్గర గంట మీద ఆవిడ భర్త ఇంటిపేరే ఉండేది, పొడవాటి జర్మన్ పేరు. కింది అంతస్తు ముసలావిడ కూడా ఆ పేరుకు ముందు ఫ్రౌ, అంటే శ్రీమతి, తగిలించి పిలిచేది. ఆ పిలుపుకు మేడమ్ పలికేవారు. అదే ఆవిడ ఇంటిపేరు కూడా అని మేమందరం అనుకున్నాము.

వెళ్ళేటప్పుడు ఆవిడ సాగనంపడం ఒక తంతు. ఇక్కడ మెట్ల మీద దీపం మీట నొక్కితే కాసేపు వెలిగి దానంతటదే ఆరిపోతుంది. మేము దిగుతుంటే ఆవిడ పైన నిలబడి, ఆరిపోయినప్పుడల్లా మళ్ళీ నొక్కేవారు. సలీం కావాలనే సగంలో ఆగి బూటు తాడు కట్టుకునేవాడు. "ఒరే, కరెంటు బిల్లు నీ పేర రాయిస్తాను," అని పైనుంచి కేక వినిపించేది. కింది తలుపు మూసుకున్న చప్పుడు విన్నాకే లోపలికి వెళ్ళేవారు.

తర్వాత కరోనా వచ్చింది. క్లాసులు లాప్‌టాపులోకి వెళ్ళాయి. పని దొరకక కొందరు ఫ్రాంక్‌ఫర్ట్ వైపు, డార్మ్‌స్టాట్ వైపు వెళ్ళిపోయారు. మా హాస్టల్ నడవాలో ఒక వైపు తలుపులన్నీ మూతపడ్డాయి. నేనూ సలీమూ మిగిలాము. ఆ చలికాలం నేను రోజుల తరబడి నోరు తెరిచి మాట్లాడింది లేదు. ఒక రోజు దుకాణంలో డబ్బులిచ్చే చోట "హలో" అనబోతే గొంతు పెగల్లేదు. గది గోడకు చెవి ఆనించి పక్కగదిలో ఎవరైనా దగ్గుతారేమో అని విన్న సందర్భాలున్నాయి. దగ్గు వినిపిస్తే భయం వేయాలి, నాకు మాత్రం మనుషులున్నారని ధైర్యం వచ్చేది.

మేడమ్ మమ్మల్ని ఇంట్లోకి రానివ్వడం మానేశారు. "మీ ఊపిరితిత్తుల మీద నాకు నమ్మకం ఉంది, నా వాటి మీదే లేదు," అన్నారు. కానీ ఆదివారం మానలేదు. మేము వీధిలో నిలబడేవాళ్ళం, ఆవిడ పై కిటికీ తెరిచి కోటూ టోపీతో కనిపించేవారు. వారం మధ్యలో సలీం ఆవిడ చెప్పిన సరుకులు మెట్ల మీద పెట్టి వచ్చేవాడు. ఊరంతా మాట్లాడకుండా ఉంటే మేం ముగ్గురం మాత్రం ఆ మంచులో తెలుగులో కేకలు పెట్టుకునేవాళ్ళం.

"తిన్నారర్రా?"

"తిన్నం మేడమ్!"

"ఏం తిన్నారు?"

"మాగీ!"

పైన ఉంగరం వేలు కిటికీ చట్రం మీద టక్కుమనేది. ఆ తర్వాత ఆ వారం మాట. క్వారంటైన్ ఇటలీవాళ్ళు నలభై అనేదాన్నుంచి వచ్చిందని కేకేసి చెప్పిన రోజు పక్కింటాయన కుక్కను తీసుకుని ఎదురు పేవ్‌మెంటు మీదకు మారాడు. మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ నిలబడేదాన్ని. వారమంతటిలో నన్ను పేరు పెట్టి పిలిచే గొంతు అదొక్కటే. ఆవిడకు మాత్రం ఆ పాటి పిలుపు కూడా లేదని నాకు అప్పుడు తోచలేదు.

జనవరి చివర్లో ఒక ఆదివారం కిటికీ తెరుచుకోలేదు.

గంట కొట్టాము. మళ్ళీ కొట్టాము. సలీం లాండ్‌లైన్‌కు చేస్తే లోపల ఫోను మోగడం వీధిలోకే వినిపించింది. కాసేపటికి కింది ముసలావిడ తన కిటికీ వేలెడంత తెరిచి, శుక్రవారం అంబులెన్సు వచ్చిందని, కరోనా అని, కొండ కింద ఆసుపత్రికి తీసుకెళ్ళారని చెప్పి మూసేసింది. అంతకంటే ఆవిడకూ తెలియదు.

అక్కడే మంచులో నిలబడి ఆసుపత్రికి ఫోను చేశాను. చూడటానికి ఎవరినీ రానివ్వని రోజులవి. పేషెంటు గదికి ఫోను కలపగలరా అని అడిగాను. పేరు అడిగారు. గంట మీదున్న పొడవాటి పేరు చెప్పాను. ఆ పేరుతో ఎవరూ లేరన్నారు. శుక్రవారమే వచ్చారన్నాను. లేరు. పుట్టినతేదీ? తెలియదు. మొదటి పేరు? అదీ తెలియదు.

"మీరు ఆవిడకు ఏమవుతారు?" అని అడిగింది అటువైపు అమ్మాయి. గొంతు మంచిదే, ఓపికగానే ఉంది.

ఏమని చెప్పను? "మేము ఆవిడ స్టూడెంట్లం" అన్నాను. ఆవిడ మాకేమీ పాఠం చెప్పలేదు. అయినా అంతకంటే మాట దొరకలేదు.

"పేరు తెలీకపోతే నేనేం చేయలేను, క్షమించండి," అంది.

చుట్టుపక్కల ఊళ్ళ ఆసుపత్రులకు చేశాము. అన్నిచోట్లా అదే ప్రశ్న, అదే జవాబు. ఆ రోజుల్లో పేరు కనపడలేదంటే మనిషి లేరని కూడా అర్థం కావచ్చు. నేనూ సలీమూ ఆ సంగతి పైకి అనుకోలేదు. కాకినాడలో ఎవరికైనా చేద్దామంటే అక్కడ ఎవరున్నారో తెలీదు. ఎన్నో ఆదివారాలు ఆవిడ బల్ల దగ్గర తిన్నాము. మా పేర్లు మోసిన మనిషిని వెతకడానికి మా దగ్గర ఒక్క అక్షరం లేదు. నా మీద నాకు, మా మర్యాదల మీద ఇంకా ఎక్కువగా, పిచ్చి కోపం వచ్చింది.

సోమవారం పొద్దున మళ్ళీ ఆ ఇంటి ముందుకే వెళ్ళాము. ఎందుకంటే చెప్పలేను, ఇంకెక్కడికి వెళ్ళాలో తెలియక. అప్పుడే పోస్ట్‌మన్ పసుపు బండి ఆపుకుని ఉత్తరాలు వేస్తున్నాడు. నడివయసు మనిషి, గడ్డం మీద మంచు. సలీంకి తట్టింది. ఉత్తరాల మీద పేర్లుంటాయి కదా.

"ఈ పై అంతస్తు అమ్మగారి పేరేంటి?" అని అడిగాడు వచ్చీ రాని జర్మన్‌లో.

ఆయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు. ఈ దేశంలో ఒకరి వివరాలు ఇంకొకరికి చెప్పడం కంటే కిడ్నీ ఇవ్వడం తేలిక. "మీరు ఆవిడ పిల్లలనుకున్నానే," అన్నాడు. "ఎప్పుడొచ్చినా సరుకుల సంచితో ఈ అబ్బాయే మెట్ల మీద కనిపిస్తాడుగా."

విషయం చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆయన చేతిలోని ఉత్తరాలు తిరిగి బండిలో పెట్టాడు. తర్వాత, ఆవిడ పెళ్ళయినా తన పేరు మార్చుకోలేదని, భర్త పోయాక కూడా గంట మీద ఆయన పేరే ఉండనివ్వమన్నారని చెప్పి, నిండు పేరు చెప్పాడు. ఇంటిపేరు, పేరు. ఇన్నేళ్ళు చేతులమీదుగా పోయిన పేరేమో, తడుముకోకుండా చెప్పాడు.

ఆ పేరు ఇక్కడ రాయను. ఆవిడ మాకు చెప్పింది కాదది, పంచిపెట్టే హక్కు నాకు లేదు. మన ఇళ్ళల్లో వాడకట్టుకొకరికి ఉండే మామూలు పేరు. ఆ పేరున్న పిల్ల ఒకతి నాతో ఐదో తరగతి చదివింది.

నేను ఫోను తీసేలోపే సలీం మెట్టు మీద, మంచులోనే, కూలబడ్డాడు. వాడి ముఖంలో ఆ అమాయకత్వం లేదు.

"మొన్న ఫోనొచ్చిందే నాకు," అన్నాడు. "శనివారం. ఎవరో ఆడామె, యాడికెల్లి చేసిందో సమజ్ గాలే. గీ పేరే చెప్పింది. ఫ్రౌ ఫలానా మీ నంబరిచ్చిండ్రు, కండ్లద్దాలు కావాల్నట, మీతోని మాట్లాడుతరట అన్నది. నేను ఎవరో తెల్వదన్న. రాంగ్ నంబర్ అని పెట్టేసిన."

"సరిగ్గ ఇన్నవా? గీ పేరేనా?"

"మంచిగ ఇన్న. రెండుసార్లు చెప్పింది పాపం. నాకే తెల్వదు."

శనివారం నుంచి సోమవారం దాకా ఆవిడ ఆ మంచం మీద, మేము ఆవిడ ఎవరో తెలీదన్నామన్న మాటతో పడుకుని ఉన్నారు.  వాడిని ఒక్క మాట అనలేదు నేను. ఆ ఫోను నాకొచ్చినా నేనూ అదే అనేదాన్ని.

ఈసారి పేరు చెప్పగానే కలిపారు. వార్డులో ఎత్తిన నర్సే శనివారం సలీంకి చేసిందట. "తెలియదన్నది మీరేనా?" అంది, కాస్త కటువుగానే. తర్వాత మెత్తబడి, ఆక్సిజన్ పెట్టామని, ఎక్కువ మాట్లాడించవద్దని, ఫోను తను పట్టుకుంటానని చెప్పింది. నేను స్పీకరు పెట్టాను. ముందు ఏదో గాలి బుసకొడుతున్న చప్పుడు. ఆ చప్పుడు వెనక నుంచి, చాలా దూరం నుంచి, గొంతు.

"సలీమూ... తెలీదన్నావటగా రా నన్ను."

"మేడమ్, మాఫ్ చేయండి మేడమ్. నాకు పేరు ఎరుక లేకుండె. ఖుదా కసమ్, మీరని తెలిస్తే ఉరుక్కుంట వస్తుంటి." వాడు బాహాటంగా ఏడుస్తున్నాడు. పోస్ట్‌మన్ వెళ్ళకుండా అక్కడే, బండి పక్కన నిలబడ్డాడు.

"నీ తప్పేవుందిరా. మేడమ్ అని చెప్పమందామనుకున్నా నర్సుతో... మదామా, ఏం మదామ్ అంటుంది." నవ్వబోయారు. నవ్వు దగ్గయింది. దగ్గు చాలాసేపు పోలేదు. నర్సు ఏదో అంది. ఆవిడ వద్దన్నట్టున్నారు.

"మేడమ్, కండ్లద్దాలు తెచ్చి గేటు కాడ ఇస్తం. ఇంకేం కావాలె?" అన్నాను నేను.

ఆక్సిజన్ బుస వెనక నుంచి మళ్ళీ ఆవిడ గొంతు వచ్చింది.

"వీళ్ళు నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారే, పొద్దస్తమానం. మందులేసుకోమని, చెయ్యి చాపమని. ఎవర్నో పిలుస్తున్నారనుకుంటున్నాను... పలకబుద్ధి కావట్లా." ఊపిరి తీసుకున్నారు. "మనవాళ్ళు పిలిస్తే ఎలా ఉంటుందో చూడాలనుంది. ఒక్కసారి పిలవండర్రా."

సలీం తల అడ్డంగా ఊపాడు, ఫోనులో ఆవిడకు కనిపిస్తుందన్నట్టు. "నాతోని కాదు మేడమ్," అన్నాడు. వాడికి కోట్లు ఇస్తామన్నా అయ్యే పని కాదు. చేతకాకపోవడం కాదది, పెంపకం.

నేను ఫోను నోటి దగ్గరకు తీసుకున్నాను. పేరు గొంతు దాకా వచ్చింది, చివర "గారు" తగిలించుకుని బయటపడింది.

"గారెందుకే చిన్నీ," అన్నారావిడ. "తీసెయ్ దాన్ని."

మా నాయనమ్మ బతికుంటే నా వీపు విమానం మోత మోగించేది. మాస్కు కిందికి లాగాను. వీధిలో ఎవరూ లేరు, పోస్ట్‌మన్ తప్ప. నేను ఆ పేరును ఉన్నదున్నట్టు, గారు లేకుండా, అమ్మ లేకుండా, అక్క లేకుండా, చివరి అక్షరం కాస్త సాగదీసి గట్టిగా పిలిచాను. కిటికీ కిందనుంచి అన్నాళ్ళు కేకలేసిన గొంతు కదా, గట్టిగానే వచ్చింది.

అటువైపు గాలి చప్పుడొక్కటే వినిపించింది.  తర్వాత ఆవిడ పలికారు. మాతో కాదు. ఆయాసం లేదు ఆ గొంతులో, వయసు లేదు. వంటింట్లోంచి అమ్మ పిలిస్తే పెరట్లో ఆడుకుంటున్న పిల్ల జవాబిచ్చినట్టు, "ఆఁ, వస్తున్నా!" అన్నారు.